ఎత్తు తక్కువ వారికి బండి పాఠం: ముందు ఆపడం నేర్చుకుందాం



ఈసారి ఆరోగ్య పాఠం మందుల గురించి కాదు, జ్వరాల గురించి కాదు. మన ఇంటి ముందర నిలబడి ఉండే మోటారు బండి గురించి. ఇది కూడా ఆరోగ్య పాఠమే. ఎందుకంటే బండి మీద నుంచి పడి మణికట్టు విరిగినవారికి, చీలమండ వాచినవారికి, పిక్క కాలినవారికి కట్లు కట్టేది మేమే.

తొండూరు మండలంలో ఊళ్లు దూరదూరంగా ఉంటాయి. పులివెందులకు పోవాలన్నా, ముద్దనూరు మీదుగా జమ్మలమడుగుకో ప్రొద్దుటూరుకో పోవాలన్నా బస్సు వేళకు మన పని ఆగదు. అందుకే ఈనాడు ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరమ్మ, చీనీ తోటకు పోయే రైతు, కాలేజీ పిల్ల అందరూ బండి మీదనే తిరుగుతున్నారు. వీరిలో ఎత్తు తక్కువ వారు చాలామంది ఉన్నారు. మన దేశంలో పెద్ద స్త్రీల సగటు ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు, అంటే 5 అడుగులే. మన దగ్గర అమ్మే బళ్లలో ఎక్కువ భాగం అంతకంటే పొడుగు మనిషికి సరిపోయేవి.

గాయాలతో వచ్చిన ఎత్తు తక్కువ వారిని ఎలా జరిగిందని అడిగితే మేము తరచుగా వినే జవాబు ఒకటే: "పోయేటప్పుడు బాగానే పోయినాను సిస్టరమ్మా, ఆపేటప్పుడు కాలు అందక పక్కకు ఒరిగింది." ఈ మాటలోనే పాఠమంతా ఉంది. బండి కదులుతున్నప్పుడు మన కాలు నేలకు అందనవసరం లేదు. కాలుతో పని ఆగేటప్పుడే. కాబట్టి పొట్టిగా ఉన్నవారు బండి మానేయనవసరం లేదు. తమకు తగిన బండి ఎన్నుకోవాలి, దాన్ని ఆపే పద్ధతి నేర్చుకోవాలి. ఈ రెండూ చేయకుండా ధైర్యం ఒక్కటి పెట్టుకుని ఎక్కితేనే ప్రమాదం.

లూకా సువార్త 19వ అధ్యాయంలో జక్కయ్య సంగతి మనకందరికీ తెలుసు. మనిషి పొట్టి, ముందర జనసమూహం. ఆయన ఎత్తు లేదని ఇంట్లో కూర్చోలేదు, జనాన్ని తోసుకుంటూ కింద పడనూ లేదు. ముందుగా పరుగెత్తి, తనకు ఎక్కడానికి వీలైన చెట్టు చూసుకున్నాడు. మనమూ అట్లే చేద్దాం.

1. కాలు ఎందుకు అందదు?

ముందు మీ కాలి లోపలి కొలత తెలుసుకోండి. చెప్పులు లేకుండా గోడకు వీపు ఆనించి నిలబడండి. రెండు కాళ్ల మధ్య ఒక అట్ట పుస్తకాన్ని పైకి ఆనేదాకా పెట్టండి. పుస్తకం పై అంచు నుంచి నేల వరకు ఇంకొకరిని టేపుతో కొలవమనండి. 5 అడుగుల మనిషికి ఈ కొలత సుమారు 68 నుంచి 70 సెంటీమీటర్లు వస్తుంది.

ఇప్పుడు బండి సీటు ఎత్తు చూడండి. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే హీరో స్ప్లెండర్ ప్లస్ సీటు 785 మిల్లీమీటర్లు, అంటే సుమారు 78 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మీ కాలికీ సీటుకూ 8 నుంచి 10 సెంటీమీటర్ల తేడా వచ్చిందన్నమాట. దీనికి తోడు ఇంకో రెండు సంగతులున్నాయి.

మొదటిది సీటు వెడల్పు. సీటు వెడల్పుగా ఉంటే తొడలు పక్కలకు విడిపోయి, కాలు తిన్నగా కిందికి దిగదు. ఒకే ఎత్తున్న రెండు బళ్లలో ముందుభాగం సన్నగా ఉన్న సీటు మీద కాలు బాగా అందుతుంది.

రెండోది మన బరువు. మనం కూర్చోగానే షాక్ అబ్జార్బర్లు అణిగి బండి కొంచెం కిందికి దిగుతుంది. 80 కిలోల మనిషి కూర్చుంటే ఎక్కువ దిగుతుంది, 45 కిలోల మనిషి కూర్చుంటే తక్కువ దిగుతుంది. అందుకే ఎత్తూ బరువూ రెండూ తక్కువైన ఆడపిల్లలకు అదే బండి ఇంకా ఎత్తుగా అనిపిస్తుంది. ఇది వారి పిరికితనం కాదు, కొలతల లెక్క.

2. తగిన బండి ఏది?

కొనే ముందు సీటు ఎత్తు, బండి బరువు రెండూ అడగండి. కంపెనీ కాగితంలో రెండూ రాసి ఉంటాయి. మోడలు మారితే కొలత కొద్దిగా మారవచ్చు. మనకు తెలిసిన కొన్ని బళ్ల సుమారు కొలతలు ఇవి:

- టీవీఎస్ స్కూటీ జెస్ట్: సీటు 760 మి.మీ., బరువు 103 కిలోలు
- హోండా యాక్టివా 6జీ: సీటు 765 మి.మీ., బరువు 106 కిలోలు
- సుజుకీ యాక్సెస్ 125: సీటు 773 మి.మీ., బరువు 103 కిలోలు
- హీరో స్ప్లెండర్ ప్లస్: సీటు 785 మి.మీ., బరువు 112 కిలోలు
- టీవీఎస్ ఎక్సెల్ 100: సీటు 787 మి.మీ., బరువు 90 కిలోల లోపు
- హీరో హెచ్‌ఎఫ్ డీలక్స్: సీటు 805 మి.మీ., బరువు 112 కిలోలు
- రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350: సీటు 805 మి.మీ., బరువు 195 కిలోలు

ఈ పట్టికలో రెండు విషయాలు గమనించండి. ఎక్సెల్ సీటు స్ప్లెండర్ కంటే తక్కువ ఎత్తు కాదు. అయినా ఎత్తు తక్కువ వారు దాన్ని సులభంగా నడపడానికి కారణం బరువు తక్కువ, ఒళ్లు సన్నం, ముందు నుంచే ఎక్కి దిగవచ్చు. ఇక బుల్లెట్, హెచ్‌ఎఫ్ డీలక్స్ సీట్లు రెండూ ఒకే ఎత్తు. కానీ ఒరిగితే 112 కిలోల బండిని ఆపడం వేరు, 195 కిలోల బండిని ఆపడం వేరు. కాబట్టి ఎత్తు ఒక్కటే చూసి మోసపోవద్దు.

షాపులో బండి చూసేటప్పుడు మీరు రోజూ వేసుకునే చెప్పులతో, రోజూ కట్టుకునే బట్టలతో వెళ్లండి. సెంటర్ స్టాండు మీద కాదు, చక్రాల మీద బండి నిలిచి ఉన్నప్పుడు కూర్చుని చూడండి. రెండు పాదాలూ పూర్తిగా ఆనకపోయినా భయం లేదు. కొంచెం ఎడమకు జరిగితే ఒక పాదమైనా మునివేళ్ల వెనక ఉన్న మెత్త వరకు గట్టిగా ఆనాలి. రెండు కాళ్లూ వేళ్ల చివర్లతో మాత్రమే తాకుతుంటే ఆ బండి మీకు కాదు. బ్రేకు, క్లచ్ లీవర్లు కూడా పట్టి చూడండి. చెయ్యి చిన్నదైతే లీవరు వేలి కొసలకే అందుతుంది. అప్పుడు అవసరానికి బ్రేకు పడదు. మెకానిక్‌తో కేబులు సరిచేయించుకోండి.

చిన్న బండి అంటే చిన్నతనం అనుకోవద్దు. 2015లో లక్నోకు చెందిన అనమ్ హాషిమ్ అనే యువతి 110 సీసీ స్కూటీ జెస్ట్ మీదనే లడఖ్‌లోని ఖార్దుంగ్లా కనుమ ఎక్కింది. స్పెయిన్ దేశపు పందెగాడు డానీ పెద్రోసా ఎత్తు సుమారు 5 అడుగుల 2 అంగుళాలే. ఆయన 2003, 2004, 2005 సంవత్సరాల్లో మోటారు సైకిల్ పందాల్లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

3. బండిలో ఏమి మార్చుకోవచ్చు, ఏమి మార్చకూడదు?

మార్చుకోదగినవి: సీటు కవర్లు కుట్టే షాపులో ముందుభాగం స్పాంజిని 2, 3 సెంటీమీటర్లు తగ్గించి, పక్కలు సన్నం చేయించుకోవచ్చు. మరీ పలుచన చేస్తే నడుము నొప్పి వస్తుంది. చాలా మోటారు సైకిళ్ల వెనక షాకులకు మెత్తన, గట్టి అని మెట్లు ఉంటాయి. ఒంటరిగా తిరిగేవారు మెత్తని మెట్టులో పెట్టించుకుంటే కూర్చోగానే బండి కొంచెం ఎక్కువ దిగుతుంది. వెనక బరువు ఎక్కించే రోజు మళ్లీ గట్టి మెట్టుకు మార్చాలి. అడుగు మందంగా ఉండి, జారని, మడమకు పట్టీ ఉన్న చెప్పులు వేసుకుంటే ఇంకో సెంటీమీటరో రెండో కలిసి వస్తుంది. హైహీల్స్ మాత్రం వద్దు. మడమ ఎత్తుగా ఉన్నా దాని కింద పట్టు ఉండదు.

మార్చకూడనివి: షాకులు కోయించడం, స్ప్రింగులు తీయించడం, చిన్న చక్రాలు వేయించడం. బండి కిందికి దిగితే స్పీడు బ్రేకర్లకు అడుగు తగులుతుంది. సైడు స్టాండు పొడుగు ఎక్కువై, బండి నిటారుగా నిలబడి కుడివైపుకు పడిపోతుంది. మలుపులో వంగినప్పుడు కింది భాగాలు రోడ్డును గీరుతాయి. పైగా 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడం నేరం.

4. ఆపే పాఠం

దీన్ని రోడ్డు మీద నేర్చుకోవద్దు. బడి మైదానమో, ఎండిన గట్టి నేలో చూసుకోండి. వాన పడిన నల్లరేగడి మీద అసలే వద్దు, ఆ మట్టి జారుతుంది, చక్రానికి చుట్టుకుంటుంది. పక్కన బండి తెలిసినవారు ఒకరు ఉండాలి.

మొదటి రోజు ఇంజను వేయకుండా, ఎడమవైపు నిలబడి బండిని తోసుకుంటూ నడవండి. చేతిబ్రేకు వేసి ఆపండి. బండి ఎంత ఒరిగితే మీరు పట్టుకోగలరో, ఎక్కడ బరువైపోతుందో చేతులకు తెలిసిపోతుంది. ఈ ఒక్క అభ్యాసం సగం భయం తీస్తుంది.

తరువాత నేల మీద సున్నంతో గీత గీసి, ఆ గీత దగ్గర ఆపడం అభ్యసించండి. క్రమం ఇది:

ఒకటి. ఎక్కడ ఆపాలో ముందుగానే ఎంచుకోండి. చదునైన, గట్టి చోటు కావాలి. గులకరాళ్లు, గుంట, నీటి మడుగు, రోడ్డు అంచున కోసుకుపోయిన చోటు వద్దు. పొడుగు మనిషికి రెండంగుళాల గుంట లెక్క కాదు. మనకు అదే పడిపోయే గుంట.

రెండు. హ్యాండిలు తిన్నగా ఉంచి ఆపండి. హ్యాండిలు తిరిగి ఉండగా, నెమ్మదిగా పోతూ ముందు బ్రేకు గట్టిగా పడితే బండి హ్యాండిలు తిరిగిన వైపుకు ఒక్కసారిగా కూలుతుంది. ఇంటి ముందర మలుపులో, సందులో పడేవారు ఇట్లాగే పడతారు. మలుపు పూర్తిచేసి, చక్రం తిన్నగా అయ్యాక ఆపండి.

మూడు. రెండు బ్రేకులూ కలిపి మెల్లగా వేయండి. మోటారు సైకిలైతే చివర్లో క్లచ్ పట్టండి.

నాలుగు. ఆగడానికి ముందు సీటు మీద కొంచెం ముందుకు జరగండి, అక్కడ సీటు సన్నగా ఉంటుంది. తుంటిని కొంచెం ఎడమకు జరిపి, ఎడమ కాలు దించండి. కుడి పాదం వెనక బ్రేకు మీదనే ఉండాలి. రెండు కాళ్లూ ఒకేసారి దించాలని చూస్తే రెండూ వేళ్ల మీదనే ఉంటాయి, బ్రేకూ పోతుంది. రెండు కాళ్లు సగం సగం ఆనడం కంటే ఒక కాలు గట్టిగా ఆనడం మేలు.

అయిదు. బండి ఇంకా పరుగులో ఉండగానే కాళ్లు వేలాడదీయవద్దు. నేలకు ఈడ్చుకుపోయే పాదం మెలిపడి చీలమండ విరుగుతుంది. బండి దాదాపు ఆగిన క్షణంలోనే కాలు దిగాలి.

ఇంకొక సూక్ష్మం ఉంది. వాన నీరు పోవడానికి మన రోడ్లను మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. మనం ఎడమవైపు పోతాం కనుక ఎడమ కాలి కింద నేల పల్లంగా ఉంటుంది. అంచుకు మరీ దగ్గరగా ఆపితే ఎడమ కాలు అందదు. వాలు తక్కువ ఉన్న చోటు చూసి ఆపండి. స్కూటరులో రెండు బ్రేకులూ చేతుల్లోనే ఉంటాయి కనుక, అవసరమైతే మెరక వైపున్న కుడి కాలినే దించవచ్చు. గేరు లేని స్కూటరు ఎత్తు తక్కువ వారికి అనుకూలం కావడానికి ఇదొక కారణం.

బండి పట్టు తప్పి నిజంగానే ఒరిగిపోతుంటే దాన్ని పట్టి ఆపాలని పోరాడవద్దు. వదిలేసి పక్కకు తప్పుకోండి. అద్దం పగిలితే కొత్తది వేయించుకోవచ్చు. వంద కిలోల బండి కింద నలిగిన కాలు, పట్టేసిన నడుము నెలల తరబడి బాధిస్తాయి. 50 ఏళ్లు దాటిన అమ్మలకు ఎముకలు పలుచబడతాయి. నిలబడి ఉన్న బండి మీద నుంచి పడ్డా మణికట్టో తుంటో విరగవచ్చు.

5. నిలపడం, లేపడం

సెంటర్ స్టాండు వేయడం చేతుల బలంతో కాదు, ఒంటి బరువుతో. బండికి ఎడమవైపు నిలబడి, ఎడమ చేత్తో హ్యాండిలు, కుడి చేత్తో వెనక కమ్మీ పట్టుకోండి. కుడి పాదంతో స్టాండు తొక్కి, దాని రెండు కాళ్లూ నేలకు తగిలాయని తెలిశాక, మీ బరువంతా ఆ పాదం మీద వేసి నిలబడండి. బండి తనంతట తానే వెనక్కి ఎక్కుతుంది. వీలుకాకపోతే గట్టి నేల మీద సైడు స్టాండు చాలు. బయలుదేరే ముందు అది పైకి తీశామా అని చూడండి. తీయకుండా పోతే ఎడమ మలుపులో నేలకు తగిలి పడేస్తుంది.

వాలు వైపు ముందు చక్రం పెట్టి బండి నిలపవద్దు. తిరిగి వెనక్కి తోయడం ఎత్తు తక్కువ వారికి కష్టం. ముందే తిప్పి, బయటికి పోయే వైపుకు ముఖం పెట్టి నిలపండి.

పడిన బండిని లేపాలంటే మొదట తాళం ఆపండి. కుడివైపు పడి ఉంటే ముందే సైడు స్టాండు తీసి ఉంచండి. సీటుకు వీపు ఆనించి గొంతుకూర్చుని, ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో వెనక కమ్మీ పట్టి, కాళ్ల బలంతో వెనక్కి చిన్న చిన్న అడుగులు వేస్తూ లేపాలి. ముందుకు వంగి నడుముతో ఎత్తవద్దు. అన్నిటికంటే మంచిది, దారిన పోయేవారిని పిలవడం. అందులో సిగ్గు లేదు.

6. వెనక కూర్చునేవారు

వెనక మనిషి ఎక్కితే ఆపేటప్పటి బరువంతా నడిపేవారి ఒక్క కాలి మీద పడుతుంది. కాబట్టి నడిపేవారు కాలు గట్టిగా ఆనించి, ముందు బ్రేకు పట్టుకుని, "ఎక్కండి" అన్న తరువాతనే ఎక్కాలి. దిగేటప్పుడు కూడా అడిగి దిగాలి. ఒకవైపు కాళ్లు పెట్టి కూర్చునే అమ్మల బరువు ఎడమకే లాగుతుంది. నడిపే మనిషి పొట్టి అయితే ఇది ఇంకా కష్టం. చుడీదారు వేసుకున్నప్పుడైనా ఇరువైపులా కాళ్లు వేసి కూర్చోండి. చీర కొంగు, చున్నీ నడుముకు బిగించి దోపుకోండి. కొంగు చక్రంలో పడితే మెడకు ఉరి పడుతుంది.

చట్ట ప్రకారం వెనక ఒక్కరే ఉండాలి. 9 నెలల నుంచి 4 ఏళ్ల లోపు బిడ్డకు నడిపేవారితో కలిపి కట్టే పట్టీ, చిన్న హెల్మెట్ ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని కేంద్ర నిబంధన 2023 ఫిబ్రవరి నుంచి అమలులో ఉంది.

హెల్మెట్ ఎత్తును బట్టి కాదు, తల చుట్టుకొలతను బట్టి కొనాలి. ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి, గడ్డం కింద పట్టీ బిగించండి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు. ఆ ఏడాది హెల్మెట్ లేక చనిపోయినవారిగా ప్రభుత్వ నివేదికలో లెక్కకు వచ్చినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనక కూర్చున్నవారు. వెనక కూర్చునే అమ్మకు కూడా తల ఒక్కటే కదా.

7. గాయమైతే ఏమి చేయాలి?

సైలెన్సర్ కాలడం: చాలా బళ్లకు సైలెన్సర్ కుడివైపు ఉంటుంది. కాలు అందక కుడివైపు దిగేవారికి పిక్క లోపలి భాగం కాలుతుంది. ఎడమవైపే దిగండి. కాలితే వెంటనే పట్టీలు తీసేసి, పారే చల్లని నీటి కింద 20 నిమిషాలు పెట్టండి. ఐసు, టూత్‌పేస్టు, సిరా, పసుపు, కాఫీపొడి ఏదీ పూయవద్దు. బొబ్బ చిదమవద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి రండి. షుగరు ఉన్నవారు చిన్న కాలుడైనా చూపించుకోవాలి, వారికి మానని పుండు అవుతుంది.

చీలమండ, మణికట్టు: నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా, ఎముక మీద నొక్కితే నొప్పి ఉన్నా, ఆకారం మారినా ఎక్స్‌రే తీయించాలి. నాటు కట్టు కట్టించుకుని వారాలు గడిపి రావద్దు. బిగుతు కట్టు వల్ల వేళ్లు నీలంగా మారి, చల్లబడి, తిమ్మిరెక్కితే ఆ కట్టును వెంటనే విప్పించాలి. గంటలు గడిస్తే వేళ్లు పోయే ప్రమాదం ఉంది.

తల: కొద్దిసేపైనా స్పృహ తప్పినా, వాంతులు అయినా, మత్తుగా ఉన్నా, ముక్కు చెవుల నుంచి రక్తం వచ్చినా 108కి ఫోను చేయండి. మెడ కదపవద్దు. నీళ్లు తాగించవద్దు. ఊపిరి ఆడుతూ ఉంటే హెల్మెట్ లాగవద్దు, తెలిసినవారు వచ్చేదాకా తలను కదలకుండా పట్టుకోండి.

8. లైసెన్సు సంగతి

"నాకు ఎత్తు లేదు, లైసెన్సు ఇవ్వరేమో" అని మమ్ములను అడిగేవారున్నారు. 1988 మోటారు వాహనాల చట్టంలో బండి లైసెన్సుకు ఇంత ఎత్తు ఉండాలనే నియమం లేదు. వయసు, చూపు, ఆరోగ్యం, బండిని అదుపులో పెట్టగలగడం చూస్తారు. కాబట్టి నేర్చుకుని, పరీక్షకు వెళ్లి, లైసెన్సు తీసుకునే నడపండి. లైసెన్సు లేకుండా నడిపితే జరిమానా ఒక్కటే కాదు, ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర చిక్కులు వస్తాయి.

వైద్యపరమైన లేదా జన్యుపరమైన స్థితి వల్ల ఎత్తు 147 సెంటీమీటర్లు, అంటే 4 అడుగుల 10 అంగుళాలు, అంతకంటే తక్కువగా ఉన్న పెద్దవారిని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం మరుగుజ్జుతనం కింద గుర్తిస్తుంది. అటువంటివారు వైద్య ధృవపత్రం తీసుకోవచ్చు, రవాణా శాఖ అనుమతితో తమకు తగినట్టు మార్చిన వాహనానికి లైసెన్సు పొందవచ్చు. మన తెలుగువారిలోనే దీనికి సాక్ష్యం ఉంది. హైదరాబాదుకు చెందిన గట్టిపల్లి శివపాల్ గారు సుమారు 3 అడుగుల ఎత్తు మనిషి. కారు పెడళ్లను తన కాళ్లకు అందేటట్టు మార్పించుకుని, నేర్చుకుని, లైసెన్సు సంపాదించారు. మరుగుజ్జుతనం ఉన్నవారిలో దేశంలో మొదటిసారి డ్రైవింగు లైసెన్సు పొందిన వ్యక్తిగా 2021లో పత్రికల్లో ఆయన సంగతి వచ్చింది. ఆయన పోయింది కారు దారి. అయినా పాఠం ఒకటే: మనిషిని సాగదీయలేము, బండిని మనిషికి అమర్చుకోవచ్చు.

ఒక హెచ్చరిక. ఈ పాఠం ఎత్తు తక్కువైన పెద్దవారికి, వయసు చాలని పిల్లలకు కాదు. కాళ్లు అందకపోయినా తండ్రి బండి తీసుకుని తోటకు పోయే 13, 14 ఏళ్ల అబ్బాయిలను చూస్తున్నాము. గేరు బండికి 18 ఏళ్లు నిండాలి. 2019 సవరణ తరువాత, మైనరు బండి నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులకో బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ల వరకు జైలు, బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దు. శిక్ష మాట అటుంచి, బిడ్డ పోతే ఎవరు తెచ్చివ్వగలరు?

9. ఇంటివారికి ఒక మాట

భర్తలారా, అన్నలారా, తండ్రులారా. ఇంట్లో ఉన్న బండి మీ ఎత్తుకు కొన్నది. దాన్నే భార్యకు ఇచ్చి, ఆమె తడబడితే నవ్వవద్దు. "నీకు రాదులే" అని తాళం లాక్కోవద్దు. ఆమె కాలి కొలత కొలిచి చూడండి. వారం రోజులు సాయంత్రాలు మైదానంలో పక్కన నిలబడండి. అర్ధరాత్రి మీకు గుండెనొప్పి వస్తే, బిడ్డకు ఫిట్స్ వస్తే 108 వచ్చేదాకా ఎవరో ఒకరు పక్క వీధికి పోయి సిస్టరునో మందునో తేవాలి. ఆ ఒకరు ఆమె కావచ్చు. ఆమెకు బండి రావడం ఇంటిల్లిపాదికీ రక్షణ.

అమ్మలారా, చెల్లెండ్లారా. "ఈ బండి నాకు ఎత్తుగా ఉంది" అని చెప్పడానికి సిగ్గుపడకండి. చెప్పు కరిస్తే ఇంకో చెప్పు అడుగుతాము కదా, ఇదీ అంతే. ఒకసారి పడ్డారని మానేయకండి. ఎందుకు పడ్డారో ఆలోచించండి: హ్యాండిలు తిరిగి ఉందా? నేల పల్లమా? రెండు కాళ్లూ దించారా? వెనకవారు చెప్పకుండా దిగారా? కారణం తెలిస్తే మళ్లీ అట్లా పడరు.

జ్ఞాపకం పెట్టుకోవలసినవి

- కొనే ముందు కాలి కొలత, సీటు ఎత్తు, బండి బరువు మూడూ చూడాలి.
- ఒక పాదం గట్టిగా ఆనితే చాలు, రెండూ ఆనాలని పట్టుబట్టవద్దు.
- హ్యాండిలు తిన్నగా ఉంచి, చదునైన చోట ఆపాలి.
- ఒరిగిపోయే బండిని వదిలేయాలి, ఒంటిని కాపాడుకోవాలి.
- నడిపేవారికి, వెనకవారికి ఇద్దరికీ హెల్మెట్ ఉండాలి.

ఈ పాఠాన్ని చదవడం రాని పొరుగువారికి చదివి వినిపించండి. ఆదివారం ఆరాధన అయ్యాక బండి నేర్చుకుంటున్న అమ్మాయిలకు ఇవ్వండి. మన రాకపోకలలో ప్రభువు మనకు తోడైయుండి, క్షేమముగా ఇంటికి చేర్చును గాక. ఆమెన్.